గుండెలోని హమాలీలు

మధ్యాహ్నం ఒంటిగంటకి రాజధాని సోఫియా నుంచి వచ్చిన కారు పరిశోధనాలయం గేటు ముందు ఆగింది. ముందు బూట్లు దిగాయి. వాటి వెనకాలే పోలీసు కమిసార్ ఎవ్‌తిమ్ రాలిన్ దిగాడు. ఆ బూట్లలో చూసుకుంటూ గడ్డం గీసుకోవచ్చు.

“ఇంకా రిటైరవలేదా దెల్చో తాతగారూ?” అన్నాడు నా భుజం తట్టి.

“మా ఊరు బోరికాలో అరవై నాలుగంటే పెళ్లీడు నాయనా. మా తాత వెల్కో తొంభై ఆరో ఏట, గాడిద అలిసిపోయిందని దాన్ని భుజాన వేసుకుని కొండెక్కాడు. దిగేటప్పుడు గాడిదకే సిగ్గేసి నడిచొచ్చింది.”

ఎవ్‌తిమ్ నవ్వలేదు. “శవమేది?” అన్నాడు.

శవాన్ని పన్నెండింటికే తీసుకెళ్లారు. పోయినవాడు ప్రొఫెసర్ హరలాంపి వాజరోవ్. అరవై ఏడేళ్లు. ఈ జన్యు పరిశోధనాలయానికి పెద్ద. పొద్దున తొమ్మిదీ నలభైకి తన గదిలో, కుర్చీలోనే చనిపోయి కనిపించాడు. పదిన్నరకి నేనొచ్చాను. పదకొండుకి పైనుంచి ఫోనొచ్చింది: పేరున్న మనిషి, ముసలి ఇన్‌స్పెక్టర్ ఒక్కడి చేతిలో పెట్టలేం, ఎవ్‌తిమ్‌ని పంపుతున్నాం అని.

ఆరోజు ఫిబ్రవరి పది, సెయింట్ హరలాంపి పండగ. అంటే ఆ పేరున్నవాళ్లందరికీ, పోయినాయనకీ, పేరుపండగ. పేరుపండగకి ఎవరూ ఎవర్నీ పిలవరు, అందరూ వస్తారు. ఆ సెయింటు తేనెటీగల్ని కాచేవాడు కనక, చర్చిలో దీవించిన తేనె పట్టుకొస్తారు. వరండాలో కాఫీ బల్ల మీద అయిదు సీసాలు వరసగా నిలబడి ఉన్నాయి. నాలుగు పసుపుపచ్చవి, ఒకటి నల్లది.

ఎవ్‌తిమ్ చూపు నల్లదాని మీద పడింది. “చెస్ట్‌నట్ తేనె! దీవించిందేనా?”

పక్కనే నిలబడ్డ డాక్టర్ లోజాన్ పెట్కానోవ్ ఒక్క క్షణం ఆగి, “అది బాగా చేదండి. ఆ పక్కన లిండెన్ తేనె ఉంది, అది తీసుకోండి,” అన్నాడు. ప్రొఫెసర్ తర్వాత ఇక్కడ పెద్ద ఆయనే. కడిగి కడిగి తెల్లబడిన చేతులు, సన్నటి గొంతు.

“చేదనే కదా తినడం! మా అమ్మది బెలాసిత్సా కొండ కింద ఊరు. ఈ చేదు మీద పెరిగాను.” చెంచా ముంచాడు. “ఇది ఆరోగ్యానికి.” మళ్లీ ముంచాడు. “ఇది మా అమ్మ పేరున.” మూడోసారి ముంచి నావైపు కన్ను కొట్టాడు. “ఇది నా ప్రమోషన్‌కి. మీరూ తీసుకోండి డాక్టర్, దీవించినదాన్ని కాదనకూడదు.”

“నాకు షుగర్,” అన్నాడు లోజాన్.

నాకూ షుగరే. లేకపోతే ఆ వరసలో ఒక్క సీసా మిగిలేది కాదు.

*

స్టోర్‌రూంలో జివ్కా మనోలోవా స్టూలు మీద కూర్చుని ఉంది. ముప్పై దాటని మనిషి. ఇక్కడ రక్తం తీసేది, పరీక్షలు చేసేది ఆమే. నేను నోరు విప్పకముందే, “నాలుగింటికి పాపని కిండర్‌గార్టెన్ నుంచి తెచ్చుకోవాలి,” అంది.

“మూడింటికి నువ్వు నాతో సోఫియా వస్తున్నావు,” అన్నాడు ఎవ్‌తిమ్. “వినండి తాతగారూ, ఇది పది నిమిషాల కేసు. ఇక్కడ రక్తం ఇచ్చేవాళ్లు ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకూడదు, మంచినీళ్లు కూడా తాగకూడదు. ఈ రూలు పెట్టిందే ప్రొఫెసర్. తన విషయంలో ఇంకా కఠినం. నిజమా?”

“నిజమే,” అంది జివ్కా.

“అంటే పొద్దున్నుంచి నోటి గుండా లోపలికి పోయింది ఏమీ లేదు. ఒంట్లోకి దిగింది ఒక్కటే, తొమ్మిదీ అయిదుకి నీ సూది. తొమ్మిదీ నలభైకి మనిషి లేడు. పోయినవారం రక్తం గొట్టాలు పగలగొట్టావని ఆయన నిన్ను అందరి ముందూ తిట్టాడు. ఇంకేం కావాలి?”

“ఆయన రోజూ తిట్టేవారు. తిట్టకపోతే ఒంట్లో బాలేదేమోనని అడిగేదాన్ని!” అని ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది.

నేను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. “బస్సు ఎన్నింటికి దిగావు తల్లీ?”

“ఎనిమిదీ యాభై. గేటు దగ్గర కార్డు గీశాను, ఎనిమిదీ యాభై రెండు. తొమ్మిదీ అయిదుకి రక్తం తీశాను. పేరుపండగనాడు మొదటి గొట్టం ఆయనదే, ఇరవై రెండేళ్లుగా అదే ఆనవాయితీ. యంత్రం దాని మీద టైం కొట్టింది. ఫ్రిజ్‌లో పెట్టాను. ఇంకా పరీక్ష చెయ్యలేదు.”

“అప్పుడు మనిషెలా ఉన్నాడు?”

“చెయ్యి మంచుగడ్డ. నుదుటినిండా చెమట. డాక్టర్ని పిలుస్తానంటే, ‘పిచ్చిపిల్లా, ఖాళీ కడుపు నీరసం’ అన్నారు. రిపోర్టులు రాసుకుని మళ్లీ వెళ్లేసరికి…”

“ఆ రక్తంలో ఏం వెతుకుతారు మీరు?”

“హమాలీల్ని,” అంది. ఏడుస్తూనే కొంచెం నవ్వింది. “ప్రొఫెసర్‌గారు అలాగే చెప్పేవారు బాబాయ్. కొవ్వు నీళ్లలో కలవదు. కణం లోపలంతా నీళ్లే. గుండె పొయ్యి మండాలంటే కొవ్వు కావాలి. మరి పొయ్యి దాకా మోసేదెవరు? ఒక బుల్లి ప్రోటీను. కొవ్వుని పొట్టలో పెట్టుకుని మోసుకెళ్తుంది. దాన్ని ఎలా తయారు చెయ్యాలో రాసున్న జన్యువు మనందరికీ మొదటి క్రోమోజోమ్ మీద ఉంటుంది. కాగితాల్లో దాని పేరు ఎఫ్.ఏ.బి.పి. త్రీ.”

“హమాలీ బస్తా వదిలేసి రోడ్డెక్కితే?”

“అదే! గుండె కణం చిరిగితే అందరికంటే ముందు బయటపడేది వీళ్లే. చిన్నవాళ్లు కదా, సందుల్లోంచి దూరి రక్తంలోకి వచ్చేస్తారు.”

ఈ మాట నేను మనసులో మడిచి పెట్టుకున్నాను. “ప్రొఫెసర్‌కి ఈమధ్య ఎవరితోనైనా తగాదా ఉందా?”

ఆమె ఎవ్‌తిమ్ వైపు చూసి గొంతు తగ్గించింది. “మీది బోరికా అని విన్నాను. బోరికా గుండెల మీద లోజాన్‌గారు రాసిన వ్యాసం చూశారా? పందికొవ్వు తింటూ నూరేళ్లు దాటతారని, వాళ్ల హమాలీ జన్యువులో ఒక్క అక్షరం తేడా ఉందని, అందుకే వాళ్ల గుండెలు రాయి అని. దేశదేశాల్లో పేరొచ్చింది ఆయనకి. పోయిన నెల ప్రొఫెసర్‌గారు ఆ వ్యాసం కోసం బోరికాలో తీసిన అరవై ఒక్క గొట్టాలూ బయటికి తీసి తనే మళ్లీ చదివారు. ఒక్కళ్లలోనూ ఆ తేడా లేదు. అందరిలాంటి జన్యువే. పుట్టిన తేదీలు రాసే చర్చి పుస్తకం కూడా తెప్పించారు. నూట నాలుగేళ్ల తాతకి డెబ్భై తొమ్మిదే.”

నాకు నవ్వాగలేదు. మా ఊళ్లో వయసు చెప్పమంటే ఎదుటివాడి ముఖం చూసి చెబుతారు. కోటు వేసుకున్నవాడు కనిపిస్తే పది కలుపుతారు, వాడి చేతిలో పుస్తకం కూడా ఉంటే ఇరవై. ఆ కబుర్లు రాసుకుని అచ్చు వేయించిన మొదటి మొనగాడు లోజాన్.

“మీ తాత గాడిద కూడా ఇంతేనా?” అన్నాడు ఎవ్‌తిమ్.

“గాడిద నిజం. వయసే కొంచెం అటూ ఇటూ.”

“ఈవేళ రక్తం ఇచ్చాక లోజాన్‌గారిని పిలుస్తానన్నారు,” అంది జివ్కా. “వ్యాసం వెనక్కి తీసుకో, లేదా నేనే రాస్తాను అని చెబుతానన్నారు.”

“లోజాన్ గేటు కార్డు పది గంటలకి గీశాడు. నేను చూశాను,” ఎవ్‌తిమ్ లేచాడు. “మునిగేవాళ్లంతా పక్కవాడి కాలు పట్టుకుంటారు. మూడింటికి కారు సిద్ధంగా ఉండాలి.”

గడియారం ఒకటీ నలభై అయిదు.

*

ప్రొఫెసర్ గది చిన్నది. బల్ల, కుర్చీ, అలమర, కిటికీ. మూలన చెక్కపలక మీద సెయింట్ హరలాంపి పటం, దాని ముందు ఆరిపోయిన మైనపువత్తి. పలకంతా దుమ్ము. ఆ దుమ్ములో గుండ్రటి గుర్తు ఒకటి శుభ్రంగా ఉంది, అరచేతిలో సగం. వేలు పెట్టాను. అంటుకుంది. వాసన చూశాను కానీ జలుబు చేసిన ముక్కు, ఏమీ చెప్పలేదు.

ఇంకో తలుపు ప్రయోగాల ఎలకలుండే వెనక గదుల్లోకి తెరుచుకుంటుంది. అక్కణ్ణించి వీధిలోకి దారి. దానికి కార్డు లేదు, తాళమే. రెండు తాళంచెవుల్లో ఒకటి ప్రొఫెసర్ జేబులో దొరికింది. రెండోది ఎవరి దగ్గరని కాపలావాణ్ణి అడిగాను.

“లోజాన్‌గారి దగ్గర. ఎలకలూ, వాటి మందుల బీరువా ఆయన చేతికింద.”

బల్ల మీద గాజుపాత్రలో ఎర్ర కార్నేషన్లు. పది గంటలకి లోజాన్ తెచ్చినవి. పేరుపండగ శుభాకాంక్షలు చెబుదామని వస్తే గేటు దగ్గర చావుకబురు తెలిసిందట. పూలు చేతిలోనే ఉన్నాయి కనక లోపల పెట్టి వెళ్లాడట. అలవాటుకొద్దీ లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. చెత్తబుట్టలోంచి పూలు చుట్టిన కాగితం తీశాను. తడిసిన రసీదు దానికే అంటుకుని ఉంది. దాని మీద టైం ఎనిమిదీ ఇరవై ఒకటి.

పూల దుకాణం గేటు పక్కనే. స్తోయ్‌నా పిన్ని ముప్పై ఏళ్లుగా ఆ బకెట్ల మధ్యే కూర్చుంటోంది.

“పిన్నీ, పొద్దున లోజాన్ డాక్టర్‌కి పూలిచ్చావా?”

“ఇచ్చాను. ఎనిమిది కార్నేషన్లు.”

“ఎనిమిదా? లెక్క తప్పావేమో. పేరుపండగ కదా?”

“నాకు లెక్క నేర్పడానికొచ్చావా! బతికున్నవాళ్లకి బేసి, పోయినవాళ్లకి సరి. పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఆయనే బకెట్లోంచి రెండేసి రెండేసి తీశాడు, ఎనిమిది. పాపం ఎవరో పోయారు కాబోలు అనుకుని, ‘దేవుడు క్షమించుగాక’ అన్నాను. ఆయనా తల వంచుకుని, ‘దేవుడు క్షమించుగాక’ అన్నాడు. తర్వాత పక్క కొట్లో నిలబడి ఒక గ్లాసు పులియబెట్టిన తియ్యటి బోజా తాగి, రెండు తీపి బన్నులు తిని వెళ్లాడు.”

“తీపి బన్నులా? షుగరని చెప్పాడే మాతో.”

“ఆయనకి షుగరేమిటి! రోజూ తింటాడు.”

రసీదు తీసి టైం మళ్లీ చూశాను. ఎనిమిదీ ఇరవై ఒకటికి ప్రొఫెసర్ బతికే ఉన్నాడు. ఇంకో నలభై నాలుగు నిమిషాలకి రక్తం కూడా ఇస్తాడు.

*

నేను తిరిగి వచ్చేసరికి రెండూ ముప్పై అయిదు. ల్యాబులో ఎవ్‌తిమ్ అరెస్టు కాగితం నింపుతున్నాడు. టై వదులు చేసుకున్నాడు. “ఈ హీటరు తగ్గించండయ్యా, ఉడికిపోతున్నాం!” అని అరిచాడు. హీటరు మీద చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉంది. అప్పుడైనా నా బుర్ర వెలిగి ఉండాల్సింది.

“సంతకం పెట్టకు నాయనా. ముందు ఆ గొట్టం పరీక్ష చేద్దాం.”

“ఆవిడ తీసిన రక్తాన్ని ఆవిడే పరీక్ష చేస్తుందా? బాగుంది!”

“నువ్వే చెయ్యి. ఆమె దూరంగా నిలబడి చెబుతుంది.”

లోజాన్‌నీ పిలిపించాను. జివ్కా చెప్పినట్టల్లా ఎవ్‌తిమ్ తొడుగులు వేసుకుని, తొమ్మిదీ అయిదు గుర్తున్న గొట్టం తెరిచి, పరీక్ష పట్టీ మీద మూడు చుక్కలు వేశాడు. ఇంకో చుక్క గురి తప్పి బల్ల మీద పడింది. ఒక గీత పడితే పట్టీ పనిచేస్తున్నట్టు. రెండో గీత కూడా పడితే హమాలీలు రోడ్డెక్కినట్టు. పదిహేను నిమిషాలు ఆగాలంది జివ్కా.

“ఈలోగా ఒక సంగతి చెప్తాను,” అన్నాను. “మా బోరికాలో ఒకామె కోడిపెట్ట…”

“తాతగారూ, దయచేసి!”

కోడిపెట్ట బతికిపోయింది. పట్టీ మీద మొదటి గీత వచ్చింది. దాని పక్కనే రెండోది, దానికంటే లావుగా, వైను రంగులో.

“డాక్టర్ లోజాన్,” అన్నాను, “మీరు పెద్ద చదువు చదివినవారు. గుండె దెబ్బతిన్నాక ఎంతసేపటికి ఈ గీత ఇంత ముదురుగా పడుతుంది?”

లోజాన్ గోడ వైపు చూశాడు. ఆ గోడ మీదే ఫ్రేము కట్టించిన ఆయన వ్యాసం ఉంది. అందులో ఆ అంకె ఆయన చేత్తో రాసిందే. అబద్ధమాడే వీలు లేదు.

“గంటన్నర,” అన్నాడు. “తక్కువలో తక్కువ.”

“అంటే ఏడున్నరకే గుండె చిరగడం మొదలైంది. అప్పటికి జివ్కా ఇంకా బస్సే ఎక్కలేదు. ఆమె సూది గుచ్చేటప్పటికే ఆ మనిషి సగం చచ్చి ఉన్నాడు, ఎవ్‌తిమ్.”

ఎవ్‌తిమ్ నుదురు తుడుచుకున్నాడు. “అయితే మామూలు గుండెపోటు. కేసే లేదు. ఖాళీ కడుపు మనిషికి విషం ఎలా ఎక్కుతుంది?”

“కేసుంది. ఇదిగో ఈయన ఎనిమిదీ ఇరవై ఒకటికి, బతికున్న మనిషికి ఎనిమిది పూలు కొన్నాడు. రెండేసి రెండేసి తీశాడు.”

జివ్కా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“నేను సైంటిస్టుని,” అన్నాడు లోజాన్ నెమ్మదిగా. “సరి బేసి పట్టించుకోను.”

“మీరు పట్టించుకోరు. మీ చెయ్యి పట్టించుకుంది. చిన్నప్పుడు అమ్మ నేర్పిన లెక్క అది, చదువు కంటే ముందే ఎక్కింది. ఆ చేతికి తెలుసు, ఆయన సాయంత్రం చూడడని. స్తోయ్‌నా పిన్ని ‘దేవుడు క్షమించుగాక’ అంటే మీ నోరు కూడా అదే మాట అంది.”

“ఊహలు. ఖాళీ కడుపుతో ఉన్న మనిషికి నేనేం తినిపించాను? నీళ్లు కూడా ముట్టని మొండివాడు!”

ఆ ప్రశ్న దగ్గరే నేనూ గంట నుంచి తలకాయ కొట్టుకుంటున్నాను. ఖాళీ కడుపు మనిషి ఏం తింటాడు? నీళ్లు తాగడు. కాఫీ తాగడు. మందుబిళ్ల కూడా వేసుకోడు. మా అమ్మ ఏటా ఇదే రోజున మమ్మల్ని చీకటితో లేపి, పళ్లు తోముకోకముందే నోరు తెరిపించేది. పరగడుపునే వేసుకుంటేనే పనిచేస్తుందని. తిండి తిన్నాక వేస్తే వట్టి తీపే అనేది.

“దీవించిన తేనె,” అన్నాను.

లోజాన్ వైపు తిరిగాను. “దాన్ని మనవాళ్లెవరూ తిండిలో కలపరు. ప్రొఫెసర్ అయినా సరే, పేరుపండగ పొద్దున సెయింటు పటం ముందు నిలబడి ఒక చెంచా నోట్లో వేసుకుని, ‘నేనేమీ తినలేదు’ అనే అంటాడు. అబద్ధమని ఆయనకే తోచదు. మీరు ఆయన రాకముందే, ఆరింటికల్లా వెనక తలుపులోంచి సీసా తెచ్చి పటం ముందు పెట్టారు. బాగా చేదుగా ఉండే తేనె చూసి మరీ తెచ్చారు. ఎలకల బీరువాలోది ఏది కలిపినా తెలియకుండా. పదింటికి పూలు పెట్టే నెపంతో లోపలికెళ్లి పటం ముందున్న సీసా తీసేశారు. అప్పటికే కాపలావాళ్లు తిరుగుతున్నారు, బయటికి తీసుకుపోలేరు. అందుకని వరండాలో అందరి సీసాల మధ్య…”

అక్కడ నా మాట ఆగిపోయింది.

అయిదు సీసాలు. నాలుగు పసుపుపచ్చవి, ఒకటి నల్లది.

మెల్లగా తల తిప్పి ఎవ్‌తిమ్‌ని చూశాను. అతనూ నన్నే చూస్తున్నాడు. మొహం పిండిముద్దలా ఉంది, పై పెదవి మీద చెమట బొట్లు. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు.

“దెల్చో బాబాయ్,” అన్నాడు. తాతగారూ అనలేదు. “నా గుండె… ఒకటి కొట్టుకుని ఒకటి మానేస్తోంది.”

కాపలావాడు ఫోను దగ్గరికి పరుగెత్తాడు. నేను కుర్చీ తోశాను. జివ్కా ఎప్పుడు కదిలిందో చూడలేదు, అప్పటికే రబ్బరు పట్టీ చేతిలో ఉంది. ఎవ్‌తిమ్ కోటు చెయ్యి పైకి లాగింది. ఆ సూదినే కదా రెండు గంటల నుంచి హత్యాయుధం అంటున్నాడు. మాట్లాడకుండా చెయ్యి చాపాడు.

“గుచ్చు తల్లీ,” అన్నాడు. “గట్టిగా గుచ్చినా ఫరవాలేదు.”

“కదలకండి,” అంది ఆమె అంతే.

కొత్త పట్టీ. మూడు చుక్కలు. గడియారం మూడూ రెండు. అతను చెంచా ముంచి రెండు గంటలయింది.

నేను లోజాన్ ముందు నిలబడ్డాను. “దాంట్లో ఏం కలిపారు? ఆసుపత్రివాళ్లు దేనికి విరుగుడు వెయ్యాలో మీరొక్కరే చెప్పగలరు. ఒంటిగంటకి మీ కళ్ల ముందే తిన్నాడు. ‘చేదు’ అని ఒక్క మాటన్నారు, అంతే. ‘వద్దు’ అని ఉంటే దొరికిపోయేవారు. ఇప్పుడు దొరికిపోయారు. ఇక చెప్పడానికేం?”

లోజాన్ నా మొహం చూడలేదు. పట్టీ వంక చూస్తున్నాడు. ఇరవై ఏళ్లు ఆ పట్టీల్నే చూసిన కళ్లు అవి, వేరేచోటికి పోలేవు. మొదటి గీత వచ్చింది. దాని పక్కన తెల్లగా ఉంది. ఇంకా తెల్లగానే ఉంది. పదిహేను నిమిషాలు ఆగక్కర్లేకపోయింది. నాలుగో నిమిషానికి ఆ తెల్లటి చోట వెంట్రుకంత గులాబిరంగు నీడ తేలింది.

లోజాన్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. తెల్లటి చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఎవ్‌తిమ్‌ని మొదటిసారి మనిషిని చూసినట్టు చూశాడు.

“ఎన్ని చెంచాలు తిన్నారు మీరు?” అని అడిగాడు.

“మూడు,” అన్నాడు ఎవ్‌తిమ్.

లోజాన్ గోడ గడియారం వైపు చూశాడు.

“ప్రొఫెసర్ తిన్నది ఒకటే.”